క్రేనుకు కరెంటు అందే దారి
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి రుచి యింకా నాలుకమీద వుండగానే క్రేన్ల ముచ్చటేమిటని మీరు అనుకోవచ్చును. పొట్ట చేతబట్టుకొని మన పెద్దలు ఒడిషాకు వచ్చిన నాటినుండి మన యిళ్లలో చాలావాటికి కార్ఖానాయే అన్నం పెట్టినది. మేము కొందరము 1974 నుండి క్రేన్ల మరమ్మతు పని చేసి రిటైరైన వాళ్లము. యీ యేడు మన పిల్లలు కొందరు అదే పనికి అప్రెంటిసులుగా చేరినారు. వారికోసమే యీ నాలుగు మాటలు.

షాపులో రెండు ప్రక్కలా యెత్తున పట్టాలుంటవి. వాటిమీద వంతెన నడుస్తుంది. వంతెనమీద అడ్డంగా ట్రాలీ నడుస్తుంది. అన్నీ కదిలేవే. కదిలేదానికి కరెంటు యివ్వటమే చిక్కు. తీగె వదులైతే చక్రాల క్రింద పడుతుంది, బిగిస్తే తెగుతుంది.

వంతెనకు కరెంటు షాపు పొడుగునా బిగించిన బారులనుండి వస్తుంది. మేము డి.యస్.యల్. అంటాము. మా రోజుల్లో అవి తొడుగులేని ఒట్టి యినుప యాంగిళ్లు. మూడు ఫేజులు, 415 వోల్టులు. క్రేనుకున్న కలెక్టరు బూట్లు వాటిని రాచుకొంటూ పోతుంటే నిప్పురవ్వలు రాలేవి.

1988లో మాలో ఒకరి మేనల్లుడు గర్డరుమీద గ్రీజు తుడవటానికి యెక్కినాడు. కేబినులో మెయిను స్విచ్చి తీసియే యెక్కినాడు. కాని ఆ స్విచ్చి క్రేనులోపలి కరెంటును ఆపుతుంది గాని బారులలోని కరెంటును ఆపదు. మోచెయ్యి తగిలింది. కమ్మీ అడ్డుపడి క్రింద పడలేదు. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి దక్కలేదు. ముందు బారుల ఐసొలేటరు తీసి తాళం వెయ్యమని చెప్పవలసిన పెద్దవాళ్లము మేమే. చెప్పలేదు. వాళ్లమ్మకు మొహం చూపలేక ఆసుపత్రి వరండాలోనే తెల్లవార్చినాము. యిది మీకు చెప్పవచ్చునా అని మొన్న అతన్నే అడిగినాము. "చెప్పండి మావయ్యా, తాళం సంగతి మరువకండి" అన్నాడు.

యిప్పుడు తొడుగున్న బారులు వచ్చినవి. వేలు దూరని సందులో బూటు నడుస్తుంది. నాలుగో బారు ఎర్తు. అయినా తాళంచెవి మీ జేబులోనే వుండవలెను.

ఇక ట్రాలీకి ఫెస్టూను. గుమ్మపు తెర రింగులవలె చిన్న బండ్లు పట్టామీద జారుతుంటవి, వాటికి చదును కేబులు తోరణంలా వ్రేలాడుతుంది. చదునుది ఒక వైపుకు సులువుగా వంగుతుంది. ట్రాలీ 20 మీటర్లు నడిచేదైతే 22 మీటర్ల కేబులు పది మడతలుగా వేస్తాము; దగ్గరకు చేరినప్పుడు మడత ఇంచుమించు 1.1 మీటరు వ్రేలాడుతుంది. ఆ అదనపు రెండు మీటర్లకు స్టోర్సు గుమస్తాతో పోట్లాడని మేస్త్రీ మాలో లేడు! అది లేకపోతే లాగుడంతా కేబులుమీద పడి లోపలి రాగిపోగులు తెగుతవి, పైకి యేమీ కనపడదు. బండికీ బండికీ నడుమ కేబులుకన్న పొట్టి తాడు కట్టేదీ అందుకే.

రేవులలో నేలమీది పట్టాలపై నడిచే క్రేన్లకు రీలు వుంటుంది. గాలిపటపు దారం కండెకు చుట్టుకొన్నట్లు కేబులు డ్రమ్ముకు చుట్టుకొంటుంది. క్రేను యెంత దూరం పోయినా డ్రమ్ముమీద రెండు చుట్లు మిగలవలెను.

మావద్ద పాత కలెక్టరు బూటొకటి, చదును కేబులు ముక్కొకటి వున్నవి. వచ్చే ఆదివారం ప్రొద్దున సంఘం వరండాలో వుంటాము. అప్రెంటిసులు తప్పక రావలెను. తల్లులు వచ్చినా సంతోషమే.