చెన్నపట్టణమున ఒక దినము



పల్లెనుండి పట్టణమునకు పోవువారు ఊరక పోరు. వ్యాజ్యమనియో, వైద్యమనియో, పిల్లవాని చదువనియో ఏదో యొక పనిమీదనే పోవుదురు. ఆ పని తీరిన పిదప రైలు వేళకు ఒక పూటయో, ఒక దినమో మిగులును. ఆ మిగిలిన వేళను అంగళ్లవెంట తిరిగి, కాళ్లనొప్పులతోను నాలుగు మూటలతోను ఇల్లు చేరువారే పలువురు. చెన్నపట్టణమునకు పోయిన తెలుగువాడు ఆ దినమును ఇంతకంటె మేలుగా గడపవచ్చును. అది యెట్లో విన్నవించుటకే నేటి నా ప్రసంగము.

ఆంధ్రదేశమునుండి పోవు రైళ్లు పెక్కు సెంట్రల్ స్టేషనులో ఆగును. అచ్చటనే భూగర్భమున మెట్రో రైలు కలదు. అందులో ఒక దిక్కున ఒక్క స్టేషను పోయిన హైకోర్టు. మరియొక దిక్కున ఒక్క స్టేషను పోయిన ఎగ్మూరు. కావున త్రోవ తప్పుదుమను భయము వలదు. ఆటో యెక్కినచో బాడుగ ముందే తేల్చుకొనవలెను.

ముందుగా హైకోర్టు వైపు పోవుదము. ఆ యెఱ్ఱని భవనము 1892లో పూర్తియైనది. దాని యెత్తైన గుమ్మటముమీద 1894 మొదలు 1977 వరకు ఓడలకు దారి చూపు దీపము వెలుగుచుండెడిది. లోపల వ్యాజ్యములలో దారి తప్పినవారి మాట యెట్లున్నను, వెలుపల ఓడలు మాత్రము ఆ వెలుగున దారి తెలిసికొనెడివి. దానికి దక్షిణమున కొలది దూరములో సెయింటు జార్జి కోట యున్నది. 1639లో ఇంగ్లీషు వర్తకులకు ఈ సముద్రతీరమున చోటిచ్చినవారు దామెర్ల నాయకులు. వారు తెలుగు ప్రభువులు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరుమీదనే చెన్నపట్టణమను పేరు కలిగినదని చరిత్రకారులు చెప్పుదురు. కోటలో ఇప్పుడు తమిళనాడు సచివాలయమున్నది. లోనికి పోదలచినవారు గుర్తింపు కార్డు వెంట నుంచుకొనుడు. వేళ చాలనిచో వెలుపలినుండి గోడలను చూచి మరలవచ్చును. ఏలయన, ఎగ్మూరునందు చూడవలసినది పెద్దది.

ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియము 1851లో ఏర్పడినది. అందు అమరావతి శిల్పములు కలవు. అవి మన గుంటూరు సీమలో, కృష్ణ యొడ్డున, రెండువేల యేండ్ల నాటి మహాచైత్యమును అలంకరించిన రాళ్లు. పదునెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట నూతన పట్టణము కట్టించునప్పటికి ఆ చైత్యము మట్టిదిబ్బయై యుండెను. దానిలోని రాళ్లు కొన్ని కట్టడములలో చేరినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలినవి. కాలిన్ మెకంజీ దొర దానిని చూచి దాని విలువను లోకమునకు తెలిపెను. 1845లో వాల్టర్ ఇలియట్ దొర త్రవ్వించి అనేక శిలలను చెన్నపట్టణమునకు పంపెను. వానిలో నూటికి మించినవి 1859లో లండను నగరమునకు ఓడలపై తరలిపోయినవి. పిమ్మటి త్రవ్వకములలో దొరకినవి పెక్కు ఎగ్మూరు చేరినవి.

అందొక గుండ్రని ఫలకము కలదు. నాళాగిరి యను మదపుటేనుగు కథ దానిమీద చెక్కబడినది. ఒక వైపున ఏనుగు వీథిలో విజృంభించి మనుష్యులను చెండాడుచుండును. జనులు భయమున చెదరిపోవుదురు. మేడల గవాక్షములనుండి కొందరు తొంగిచూచుచుందురు. మరియొక వైపున అదే యేనుగు బుద్ధదేవుని పాదములకడ మోకరిల్లి యుండును. కోపము, శాంతి రెండును ఒక్క రాతిలోనే ఉన్నవి. దానియెదుట పావుగంట నిలువుడు. కథ తెలియని పసివాడును దానిని చదువగలడు.

మరియొక మాట. ఆ చైత్యమునకు రాళ్లిచ్చినవారు రాజులు మాత్రమే కారు. గృహస్థులును, వర్తకులును, భిక్షుణులును ఇచ్చిరి. చర్మకారుడొకడు తన తల్లితో, భార్యతో, బిడ్డలతో కూడి పూర్ణకుంభపు ఫలకమును సమర్పించినట్లు అమరావతి శాసనమొకటి తెలుపుచున్నది. మన పల్లెలలో గుడికి స్తంభమిచ్చి దానిమీద ఇంటిల్లిపాది పేర్లు చెక్కించువారు ఆనాటి వారసులే గదా!

ఈ మ్యూజియమునకు శుక్రవారము సెలవు. ఈ సంగతి నేను కష్టపడి నేర్చుకొంటిని. మా మేనమామగారు అమరావతి చెంతనున్న గ్రామమువారు. కంటి వైద్యమునకై చెన్నపట్టణమునకు వచ్చి, "మా యూరి రాళ్లను ఒక్కసారి చూపుమురా" అని నన్నడిగిరి. చేతికఱ్ఱతో మెల్లగా నడిపించుకొని పోయితిని. తలుపులు మూసియుండెను, అది శుక్రవారము. ఆ రాత్రియే రైలు. "పోనిమ్ము, మరల వచ్చినప్పుడు చూతము" అనిరి. ఆయన మరల రాలేదు. దినమేదో ముందుగా విచారింపకపోవుట నా తప్పే. శ్రోతలు ఆ తప్పు చేయకుందురుగాక!

మధ్యాహ్నము భోజనానంతరము మైలాపూరు పోవుదము. అచ్చట రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తిగారు కాపురమున్న యిల్లు కలదు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న ఆ యింటనే నిరశనవ్రతము పూనిరి. ఏబదియెనిమిది దినములు గడచెను. డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ఆయన ఈ చెన్నపట్టణముననే పుట్టినవారు. ఈ చెన్నపట్టణముననే మన కొరకు పోయినవారు. రాష్ట్రము వచ్చినది, పట్టణము మనది కాలేదు. ఆ యిల్లు ఇప్పుడు ఆయన స్మారకమైనది. పెద్ద మేడలను చూచి వచ్చినవారు ఆ చిన్న యింటిలో ఒక్క నిమిషము మౌనముగా నిలిచిన చాలును.

అచ్చటినుండి సముద్రము చేరువనే. ప్రొద్దు వాలువేళ మెరీనా యిసుకలో కూర్చుండి గాలి పీల్చుకొనుడు. అలలలో దిగి స్నానము చేయవలదు. అడుగున లాగు ప్రవాహము బలమైనది, ఈతగాండ్రను సైతము మ్రింగినది.

ఇన్నియు ఒకే దినమున చూడలేనివారు ఒక్క ఎగ్మూరునైనను చూడుడు. పోవునప్పుడు మనుమనినో మనుమరాలినో వెంట తీసికొనిపోవుడు. పుస్తకములో చదివిన అమరావతి వేరు, తాతగారి చేయి పట్టుకొని చూచిన అమరావతి వేరు. ఇల్లు చేరిన పిదప అరుగుమీద కూర్చుండి, చూచినది నలుగురికి చెప్పుడు. తెచ్చిన మిఠాయి రెండు దినములలో తీరిపోవును; చెప్పిన మాట ఆ బిడ్డలకు కలకాలము నిలుచును.