నాయకుని మాట – ఓటరు మనసు

2016 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున, డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిని నిర్ణయించు ప్రాథమిక ఎన్నికలో బెర్నీ సాండర్స్ హిల్లరీ క్లింటన్‌ను ఓడించెను. పార్టీ పెద్దలను ఎదిరించు ధీరుడని యువజనులు ఆయనను నమ్మిరి. కాని దేశమంతటి లెక్కలో ఆమెదే పైచేయి అయ్యెను. జూలై 12న అదే రాష్ట్రమున, పోర్ట్స్‌మత్ సభలో, ఆయన ఆమెను బలపరచెను. గంటకు 15 డాలర్ల కనీస వేతనము పార్టీ ప్రణాళిక ముసాయిదాలో చేరినది. అనుచరుల మనసు మాత్రము కుదుటపడలేదు. 25న ఫిలడెల్ఫియాలో ఆమెను గెలిపింపవలెనని ఆయన కోరగా, ఆయన ప్రతినిధులే కేకలు వేసి నిరసించిరి.

ఆ నిస్పృహను చపలత్వమని మనము కొట్టివేయరాదు. నాయకుడు తన మద్దతు నీయగలడు. పరుల విశ్వాసమును చేతులు మార్చజాలడు. ఓటు అతని కొట్టులోని సరకు కాదు. అయితే మనము నమ్మినది వ్యక్తినా, ఆశయమునా? ఆశయమునే అయినచో, నాయకుడు ఆగినచోట మన నడక ఆగనక్కరలేదు.