పట్టా తరువాతి పఠనం



రైలు మార్గం పేరునే తన పేరుగా చేసుకున్న డాలస్ శివారు పట్టణం ఫ్రిస్కోలో 1990లో ఆరు వేల పైచిలుకు జనం ఉండేవారు. 2020 జనగణన నాటికి ఆ సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈ పెరుగుదలలో డాలస్ ఉత్తర శివార్లకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ వాటా ఉంది. వారిలో చాలామందిని ఇక్కడికి చేర్చినది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కనుక ఆ ఇళ్లలో ఉన్నత విద్య కంప్యూటర్ శాస్త్రం చుట్టూ, అది కాకుంటే వైద్యం చుట్టూ తిరగడంలో వింత లేదు, దానిని తప్పుపట్టవలసిన పనీ లేదు. అయితే ఏ నాలుగేళ్ల పాఠ్యప్రణాళిక అయినా ఒక శాస్త్రంలో లోతుకు వెళ్లడానికి తక్కిన శాస్త్రాలను పక్కన పెట్టక తప్పదు. అలా పక్కన పెట్టినవాటిని పట్టా చేతికి వచ్చిన తరువాత ఎలా అందుకోవచ్చునన్నదే ఈ ప్రసంగానికి విషయం.

మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. తన ఉపన్యాసాల నోట్సును, అభ్యాసాలను, పరీక్షపత్రాలను ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చునని 2001 ఏప్రిల్‌లో ప్రకటించి, ఆ పథకానికి ఓపెన్ కోర్స్‌వేర్ అని పేరు పెట్టింది. 2003లో భారతదేశపు ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పేరుతో ఇటువంటి పనినే ఆరంభించాయి. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధపై నడిపిన అంతర్జాల పాఠానికి సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకోగా, మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడ్‌ఎక్స్ అనే వేదికలు పుట్టి, మూక్ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. ప్రవేశార్హత అడగకుండా, సంఖ్యకు పరిమితి లేకుండా అందరినీ చేర్చుకునే అంతర్జాల కోర్సును మూక్ అంటారు. ఆ తరువాతి కథ అంత ఉదారమైనది కాదు. ఎడ్‌ఎక్స్‌ను 2021లో ఒక వాణిజ్య సంస్థ 80 కోట్ల డాలర్లకు కొన్నది. ఈ వేదికలలో కొన్ని కోర్సులను నేడు ఊరికే వినవచ్చునేమో కాని, పరీక్షకో ధ్రువపత్రానికో రుసుము చెల్లించాలి. ఎం.ఐ.టి. పాఠాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఉచితమే.

ఈ ఉచిత విద్యపై తరచుగా వినిపించే విమర్శకు ఆధారం లేకపోలేదు. హార్వర్డ్, ఎం.ఐ.టి.లు ఎడ్‌ఎక్స్ ద్వారా అందించిన కోర్సులను పరిశీలించి 2019లో సైన్స్ పత్రిక ప్రచురించిన వ్యాసం ప్రకారం, 2017–18లో చేరినవారిలో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతమే, రుసుము కట్టి ధ్రువపత్రం కోరినవారిలో సగానికి కొంచెం తక్కువగా 46 శాతం పూర్తిచేశారు. కళాశాలలో వందకు ముగ్గురే ఉత్తీర్ణులైతే ఆ కళాశాల మూతపడవలసిందే. కాని ఈ పాఠాలను కళాశాల కొలబద్దతోనే కొలవాలన్న నియమం ఎక్కడిది? గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని తెరచి, రెండు ప్రకరణాలు చదివి, తిరిగి అరలో పెట్టినవాడిని పరీక్ష తప్పిన విద్యార్థిగా ఎవరూ లెక్కకట్టరు. సర్వర్లను నిర్వహించే ఇంజనీరు యేల్ విశ్వవిద్యాలయపు ఉచిత పాఠాలలో డొనాల్డ్ కేగన్ చెప్పిన ప్రాచీన గ్రీకు చరిత్రను సగం విని ఆపివేసినా, ఆ సగం అతనికి దక్కినట్లే.

పట్టాతో పని లేకుండా ఎవరికి వారు చదువుకోవాలన్న ఈ ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914లో అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు నడిపిన ఉద్యమం వలన ఊరూరా గ్రంథాలయాలు ఏర్పడ్డాయి. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు ప్రయాణించాయి. ఆ పడవ గ్రంథాలయం ఎవరికీ పట్టా ఇవ్వలేదు, ఎవరినీ పరీక్షించలేదు. పట్టా ఇచ్చే పనిని తెలుగు నేలపైనే 1982లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం చేపట్టింది. దేశంలో ఇటువంటి విశ్వవిద్యాలయాలలో మొదటిదైన ఈ సంస్థకు తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్మీడియట్ చదవనివారిని సైతం అర్హతా పరీక్ష ద్వారా చేర్చుకున్న ఆ సంస్థ, పాఠాలను తపాలాలో పంపి ఊరుకోక, స్థానిక కళాశాలలలో అధ్యయన కేంద్రాలు పెట్టి, సందేహాలు తీర్చే మనిషిని అక్కడ కూర్చోబెట్టింది. దాని మొదటి ఉపకులపతి, అంటే పరిపాలనాధిపతి, జి. రాంరెడ్డి 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి ఉపకులపతి అయ్యారు.

సందేహాలు తీర్చే ఆ మనిషి అవసరం అన్ని విషయాలకూ ఒక్కటిగా ఉండదు. చరిత్రను, సాహిత్యాన్ని ఎక్కడ మొదలుపెట్టినా కొంత దక్కుతుంది. గణితం అలా లొంగదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన రేఖీయ బీజగణితం, అనగా సమీకరణాల సమూహాలను మాత్రికలతో సాధించే శాస్త్రం, ఎం.ఐ.టి. పాఠాలలో అత్యంత ప్రసిద్ధమైనవాటిలో ఒకటి. ఆ ఉపన్యాసాలు ఎంత సుబోధంగా ఉన్నా, వాటి వెంట ఇచ్చిన లెక్కలను కాగితంపై చేయనివారికి మూడో వారం తరువాత మిగిలేది అర్థమైనట్లున్న భ్రమ మాత్రమే. ఇక్కడ నలుగురు కలిసి వారానికొకసారి కూర్చోవడం కంటే మంచి ఉపాయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. రాకెట్ల తయారీ సంస్థ విడిచిపోయిన భవనంలో 2023లో తెరచుకున్న ఫ్రిస్కో పౌర గ్రంథాలయం అందుకు తగిన చోటే.

తెలుగులో ఉన్నత స్థాయి పాఠాలు మాత్రం ఇప్పటికీ కొద్దిగానే ఉన్నాయి. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, విజ్ఞానశాస్త్రాలను తెలుగు పుస్తకాలుగా తెచ్చింది. నేడు ఎన్.పి.టి.ఇ.ఎల్. కొన్ని ఉపన్యాసాల లిఖితపాఠాలను తెలుగులో అందిస్తున్నది, కాని ఆ లిఖితపాఠాలను శాస్త్రం తెలిసిన కన్ను సరిచూడవలసి ఉంటుంది. ఎం.ఐ.టి. పాఠాలు క్రియేటివ్ కామన్స్ అనుమతితో వెలువడుతున్నవి. మూలకర్త పేరు చెప్పడం, వ్యాపారానికి వాడకపోవడం, అనువాదాన్ని కూడా అవే షరతులతో ఇతరులకు వదలడం అన్న మూడింటికి ఒప్పుకున్నవారు ప్రత్యేకంగా ఎవరినీ అడగకుండానే వాటిని తెలుగులోకి తేవచ్చు. ఇంటి భాషను నిలుపుకుంటూ శాస్త్రాన్ని ఆంగ్లంలో చదివిన యువతీయువకులు ఈ సభలో ఉన్నారు కనుక, ఆ పనికి తొలి కోర్సును ఎంచుకోవలసినవారు కూడా వారే.