కోర్టు వరండాలో తోడు
(స్త్రీల సమాజ కూటములో చేసిన ప్రసంగము)



భర్త దెబ్బలకు ఓర్చలేక ఇల్లు విడిచిన సోదరి ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కునప్పుడు, కొట్టినవాడు అదే వరండాలో తనవారితో నిలిచియుండును. ఆమె ప్రక్కన ఎవరుందురు?

చట్టము కొంత మేలు చేసినది. 2005 నాటి గృహహింస చట్టము రక్షణను, నివాసమును, భృతిని కోరు హక్కునిచ్చినది. 1987 నాటి చట్టము చొప్పున స్త్రీకి, ఆదాయమెంతయున్నను, ఉచిత న్యాయసహాయము దొరకును. 2001 సవరణకు ముందు క్రైస్తవ భార్యకు విడాకులకై క్రూరత్వమొక్కటే చాలెడిది కాదు, ఇప్పుడు చాలును.

అయితే చట్టము చేయి పట్టుకొని కూర్చుండదు. ఆ పని అదే త్రోవ నడిచిన స్త్రీయే చేయగలదు. వాయిదా పడినప్పుడు ధైర్యము చెప్పును. కాగితములు సర్దించును, జరిగినవి తేదీలతో వ్రాయించును. కుటుంబ న్యాయస్థానములు మొదట రాజీకి ప్రయత్నించును. అప్పుడు భయపడి తలయూపక, దెబ్బల సంగతి కౌన్సెలరుకు చెప్పుమనును. ఆమె వకీలు కాదు. సాక్ష్యము నేర్పదు, విన్నది బయటపెట్టదు. లోపలికి రానీయకున్నను బయట బల్లమీద కాచుకొనియుండును. నయోమికి తోడు నడిచిన రూతు కూడ విధవరాలే గదా!

మన సంఘములోను ఇట్టి అనుభవముగల స్త్రీలుందురు. వారిని అడుగుడి, బలవంతపెట్టకుడి. బస్సు ఛార్జీలు సంఘము భరించవలెను. వాయిదానాడు పిల్లలను మనము చూచుకొనవలెను. ఆపదలో 181కి ఫోను చేయవచ్చునని ప్రతి స్త్రీకి తెలుపుడి.

“సర్దుకొనిపొమ్మా” యని ఆమెను తిరిగి దెబ్బలయొద్దకు పంపకుడి. వచ్చు వాయిదాకు ఆమెతో ఎవరు పోవుదురో నేడే నిశ్చయించుడి.