దస్త్రానికి తెలియనిది

సంస్థలు తమ జ్ఞానాన్ని ఎలా కాపాడుకుంటాయన్నది ఇవాళ్టి విషయం. ఈ మాట అనగానే సాఫ్ట్‌వేర్ కంపెనీలు, వాటి సర్వర్లు గుర్తొస్తాయి. తెలుగునాట దీనికి అంతకంటే పాత ఉదాహరణ ఉంది, అది రెవెన్యూ శాఖ. ఏ సర్వే నంబరు ఎవరిది, విస్తీర్ణమెంత, ఎవరి సాగులో ఉంది అన్న సంగతుల్ని తరాల తరబడి పోగుచేసి దాచుకున్న సంస్థ మనకు మరొకటి లేదు. దాని చరిత్ర చూస్తే నాకు తోచేది ఇది: దస్త్రాన్ని చదివి దాని భావం చెప్పగల మనిషి ఉన్నంతవరకు, తప్పు ఉంటే దిద్దించుకునే దారి ఉన్నంతవరకు మాత్రమే ఆ దస్త్రంలో జ్ఞానం ఉన్నట్టు లెక్క. ఈ రెండూ పోయాక అందులో మిగిలేది సిరా.

బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరునే తీసుకుందాం. ఆఫీసుల్లో దాన్ని ఆర్.ఎస్.ఆర్. అంటారు. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో వరుస ఉంటుంది. విస్తీర్ణం, మెట్టా మాగాణా, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నవి గడుల్లో రాసి ఉంటాయి. కొన్ని నంబర్లకు పట్టాదారు గడిలో పేరు లేదు, వరుసగా చుక్కలున్నాయి. సెటిల్‌మెంట్ నాటికి ఫలానావారిదని ఖరారు కాలేదని వాటి భావం. ఆ రోజుల్లో ఆ చుక్కలు ఎవరికీ అడ్డు రాలేదు. దున్నేదెవరో ఊరి భూముల లెక్క రాసే కరణానికి తెలుసు, సాగు వివరాలు రాసే అడంగల్‌లో ఏటా ఆ పేరే ఎక్కేది. కాలం గడిచింది. రిజిస్టరు భద్రంగానే ఉంది, అందులో ఏం రాశారో ఎరిగి చదివేవాళ్లు కరువయ్యారు. 2007లో సవరించిన రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత భూముల జాబితాలు తయారయ్యాయి. చుక్కలున్న నంబర్లు కూడా ఆ జాబితాల పాలయ్యాయి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న రైతు, కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకుందామని వెళితే రిజిస్ట్రేషన్ కాదన్నారు. చివరికి పన్నెండేళ్లకు పైబడిన అనుభవం రుజువైతే పేరు ఎక్కించవచ్చని ఆంధ్రప్రదేశ్ 2017లో చుక్కల భూములకే ప్రత్యేకంగా ఒక చట్టం తేవలసి వచ్చింది. ఇంతలో ఆ రిజిస్టరుకు చెదలు పట్టలేదు, ఒక్క అక్షరం చెరగలేదు. ‘తేలలేదు’ అని చెప్పడానికి పెట్టిన గుర్తును ‘సర్కారుది’ అని చదివారు, అంతే. తనకు ఏమి తెలియదో ఎరిగి ఉండటం కూడా సంస్థ జ్ఞానంలో భాగమే. అన్నిటికంటే ముందు పోయేది కూడా అదే.

నోటితో చెప్పలేని ఎరుక మనిషికి ఎంతో ఉంటుందని తత్త్వవేత్త మైకేల్ పొలానీ 1966లో ఒక పుస్తకమే రాశాడు. ఆ ఎరుకను మాటల్లోకి తెచ్చి సంస్థ అంతటికీ పంచవచ్చని 1995లో జపాన్ పండితులు నొనాకా, తకెయుచి అన్నారు. కంపెనీలు ఈ రెండో మాటను పట్టుకుని ఉద్యోగులకు తెలిసిందంతా కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలుపెట్టాయి. జిరాక్స్ కంపెనీ మెకానిక్‌ల వెంట తిరిగి మానవశాస్త్రవేత్త జూలియన్ ఆర్ చూసినది వేరు. మాన్యువల్లో లేని చిక్కు ఎదురైనప్పుడు వాళ్లు తోటివాళ్లతో కూర్చుని, మునుపు ఏ మిషను ఎలా మొరాయించిందో కథలు కథలుగా చెప్పుకుంటూ దారి వెతికేవారు. వాళ్ల విద్య ఆ కబుర్లలో ఉంది. పై అధికారులకు అది కాలక్షేపంగా కనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

కరణాల కాలాన్ని పొగుడుతున్నానని కొందరికి అనిపించవచ్చు. ఆ ఉద్దేశం నాకు లేదు. ఒక కరణం ఇంకో కరణాన్ని నమ్మరాదని, మర్మం బయటపెట్టకుండా నడుచుకోవాలని సుమతీ శతకకారుడు ఊరికే చెప్పలేదు. ఎవరి పొలం ఎవరి పేరిట ఉందో తనకు ఒక్కడికే తెలియడం కరణానికి బలం, బతుకుతెరువు కూడా. తెలంగాణలో పటేల్ పట్వారీల పెత్తనం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సుతో ఆ గ్రామోద్యోగాలను రద్దు చేసింది, మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అది జరగవలసిన పనే. నా అభ్యంతరం చార్జి అప్పగింత దగ్గర. వంశపారంపర్యపు హక్కు, ఊరి భూమి గురించిన ఎరుక అనే రెండు వేర్వేరు సంగతులు ఒకే మనిషిలో ముడిపడి ఉన్నాయి. మొదటిదాన్ని ఒక్క ఉత్తర్వుతో తీసేయవచ్చు. రెండోది ఉత్తర్వుకు లొంగదు. కట్టలు లెక్కబెట్టి సంతకం తీసుకుంటే చేతికొచ్చేది కాగితాలే. చుక్కల వెనక ఎవరున్నారో ఆ కట్టల్లో ఉండదు.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడితే మళ్లీ ఆ మనిషికే దాసులమవుతాం, కాబట్టి కొలతలన్నీ యంత్రంతో తీసి, రికార్డు అందరికీ కనిపించేలా పెడితే సరిపోతుంది కదా అంటారు. ఇందులో సగం నిజముంది. రికార్డు బయటికి కనిపించడం వల్ల రాత్రికి రాత్రి పేర్లు మార్చే వీలు కొంత తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు గట్టు ఎక్కడుందో సెంటీమీటర్ల లెక్కన చెప్పగలవు. అన్నదమ్ముల పంపకంలో ఆ గట్టు ఎందుకు జరిగిందో, తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాకు సాక్షులెవరో వాటికి అందదు. తెలంగాణ 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) పదవులను తీసేసి, ఆ అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌ను తెచ్చింది. ఊళ్లో అడిగేందుకు మనిషి లేకుండా పోయాడు, పడిన తప్పును కిందిస్థాయిలో దిద్దే అధికారం ఎవరికీ లేకపోయింది, ఆ ఏడాది చట్టంలో అప్పీలు మెట్లు కూడా లేవు. పేరులో ఒక అక్షరం తప్పినా, విస్తీర్ణంలో గుంట తగ్గినా జిల్లా కలెక్టరు దాకా పోవలసి వచ్చేది. వీఆర్వోలను లాటరీ తీసి వేరే శాఖలకు పంపేశారు. ఊరి భూములు తెలిసినవాళ్లు ఆ భూములతో సంబంధం లేని ఆఫీసుల్లో కుర్చీలు సర్దుకున్నారు.

అలాంటప్పుడు సంస్థ చేయగలిగింది ఏముంది అంటే, ఎరుకను మనిషిలోంచి పిండి తీసి డబ్బాలో పోయడం మాత్రం దాని వల్ల కాదు. ఎరుక బయటికి రావడానికి కారణం కల్పించవచ్చు, తప్పు వెనక్కి తిరిగి వచ్చే బాట వేయవచ్చు. జిరాక్స్ కంపెనీయే తర్వాత యురేకా అనే పద్ధతి పెట్టింది. మెకానిక్ తాను కనిపెట్టిన ఉపాయం రాస్తాడు, తోటి మెకానిక్‌లే పరీక్షిస్తారు, ఒప్పుకుంటే అతని పేరుతోనే అందరికీ చేరుతుంది. దాచుకుంటే వచ్చే గౌరవం కంటే చెబితే వచ్చే గౌరవం ఎక్కువైంది. మన పాత రెవెన్యూ పద్ధతిలోనూ ఇలాంటి బాటలు లేకపోలేదు. పైరు అజమాయిషీ కింద పై అధికారి చేలో నిలబడి అడంగల్‌ను సరిచూసేవాడు. ఏటా జమాబందీలో ఊరి లెక్కలు పరీక్షకు వచ్చేవి. తూతూమంత్రంగా సాగిన ఊళ్లు ఎన్నో ఉంటాయి. అయినా దస్త్రాన్ని నేలతో పోల్చి చూడాలన్న నియమం అందులో ఉంది, దాన్ని మనం పాతకాలపు తంతుగా జమకట్టి వదిలేశాం.

2025లో తెలంగాణ భూభారతి చట్టంతో అప్పీలు మెట్లు తిరిగి వచ్చాయి. గ్రామ పాలనాధికారుల పేరిట ఊరికి మళ్లీ ఒక మనిషి వచ్చాడు. పాత వీఆర్వోలు, గ్రామ రెవెన్యూ సహాయకుల (వీఆర్ఏల) నుంచే పరీక్ష పెట్టి వారిని ఎంపిక చేశారు. పోగొట్టుకున్నదేమిటో అయిదేళ్లకు ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. వీరిలో ఒకరికి బదిలీ అయినప్పుడు చార్జి ఎలా మారుతుందన్నది ఇప్పుడు అడగవలసిన ప్రశ్న. పాతవారు, కొత్తవారు కొన్నాళ్లు కలిసి పొలాలు తిరగాలి. వివాదమున్న ప్రతి నంబరుకు ఎదురుగా ఇది ఎందుకు తేలలేదో నాలుగు మాటల్లో రాసి, కింద రాసినవారి పేరు పెట్టాలి. ఆ రాత గ్రామసభలో చదివి వినిపించాలి. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, బదిలీ ఉత్తర్వులో ఒక నెల గడువు, రిజిస్టరులో ఒక గడి చాలు.