కణము వాకిట వైరస్

పలాసలో జీడిపిక్క తనంత తాను పగులదు. పట్టుకొను చేయి ఒకటి, కోయు కత్తి ఒకటి కావలెను. కరోనా వైరస్ సంగతియు నిట్టిదే. మన కణములోనికి చొచ్చినగాని అది పెరుగజాలదు. చొచ్చుటకు తోడ్పడునవి మన కణములందలి ప్రోటీనులే!

2003లో సార్స్ ప్రబలినపుడు, ఆ వైరస్ ముల్లు పట్టుకొను ప్రోటీను ఏసీఈ-2 అని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2020లో కొవిడ్ వైరస్‌కును అదియే వాకిలి యని తేలెను. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్-2 అను మరియొక ప్రోటీను ఆ ముల్లును కోసి దారి యిచ్చును. పిమ్మట కణములోని జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి, ఏది లేకున్న వైరస్ నిలువదో వెదకిరి.

ఏసీఈ-2 మూత్రపిండములందును మిక్కిలిగా నుండును. మూత్రపిండ రోగులకు కొవిడ్ వచ్చిన ప్రాణాపాయము హెచ్చు. వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్‌కై టెక్కలికో పలాసకో పోవలసిన ఉద్దానపు రోగి, మహమ్మారి దినములలో ఇల్లు కదలకుండుట యెట్లు?

మరి ఆ వాకిలినే మూసివేయరాదా? ఏసీఈ-2 వైరస్ కొరకు పుట్టినది కాదు. రక్తపుపోటును అదుపు చేయుటలో దానికి పాత్ర గలదు. కత్తిని అడ్డు కేమోస్టాట్ అను మందు ప్రయోగశాలలో పనిచేసినను, రోగులలో స్పష్టమైన మేలు చూపలేదు. టీకా మార్గము వేరు. దానివలన పుట్టు ప్రతిరక్షకములు మన ప్రోటీనుల జోలికి పోక, వైరస్ ముల్లునే కప్పివేయును.

కనుక మూత్రపిండ రోగి గల యింటివారు, వైద్యుని సలహాతో టీకా సంగతి మరువవలదని మా మనవి.