కాలేజీల సంఘం: చేరేదెవరు, ఓటెవరిది?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీలో ప్రైవేటు కాలేజీలు నడిపేవారు కొందరున్నారు. వాటిలో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులు అంతకు ఎన్నో రెట్లున్నారు. తిరుపతి, చిత్తూరు వైపు కాలేజీలన్నీ ఒక సంఘంగా కూడాలన్న మాట వచ్చినప్పుడల్లా, అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అన్నదగ్గరే పొద్దుపోతున్నది. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని తీసెయ్యాలి, లెక్క ఎవరికి చెప్పాలి అన్నవి టీలు వచ్చే వేళకు మిగిలిపోతున్నాయి. నా దృష్టిలో అసలు సంగతి అదే.

ఇటువంటి సంఘానికి సుప్రీంకోర్టు ఒకప్పుడు బరువైన పనే అప్పగించింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తులు ప్రైవేటు కాలేజీల హక్కులను గుర్తించారు. క్యాపిటేషన్ ఫీజు మాత్రం కూడదన్నారు. 2003లో కర్ణాటకకు చెందిన ఇస్లామిక్ అకాడమీ కేసు వచ్చింది. ఎయిడ్ లేని వృత్తివిద్యా కాలేజీలు తమ కోటా సీట్లకు ప్రభుత్వ పరీక్షనైనా ఎంచుకోవాలి, లేక రాష్ట్రంలోని ఒకే రకం కాలేజీలన్నీ చేరిన సంఘం పెట్టే పరీక్షనైనా ఎంచుకోవాలి అన్నారు. 2005లో ఇనాందార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు, కాలేజీలు కూడి పరీక్ష పెట్టుకోవచ్చును గాని అది న్యాయంగా, దాపరికం లేకుండా, దోపిడీకి తావివ్వకుండా ఉండాలన్నారు. పొరుగున కర్ణాటకలో కాలేజీలు కూడి నడిపే కామెడ్‌కె పరీక్ష పేరు మన పిల్లలకు కొత్త కాదు.

వైద్యవిద్యలో ఆ దారి మూసుకుపోయింది. మైనారిటీ కాలేజీలకు కూడా నీట్ వర్తిస్తుందని 2020లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అసోసియేషన్ కేసులో తేలింది. కేసు అట్లా పోయినా, ఆ అసోసియేషన్ కట్టుబాటు మనం చూడదగినది. దానిలో సభ్యులు ఎన్నో చర్చిలు, క్రైస్తవ సంస్థలు. ఏ ఒక్క కుటుంబం సొత్తూ కాదు. చిత్తూరుకు అంత దగ్గర ఉంది, వైద్యానికి పోతాము గాని ఆ సంగతి అడిగి రాము!

మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం క్రింద ఏడుగురు కూడితే చాలు, సొసైటీ అవుతుంది. అంతకుముందు మన జిల్లాలో నడిచింది 1860 నాటి చట్టం. రిజిస్టరు చేయడం సులువే. చిక్కంతా బైలాలలో ఉంటుంది.

ఓటు సంగతే చూడండి. విద్యార్థుల సంఖ్యను బట్టి ఓట్లంటే చిన్న కాలేజీవాడు రెండో మీటింగుకు రాడు. సరే, కాలేజీకొక ఓటు అందామా? ఒకే యాజమాన్యం క్రింద ఐదు కాలేజీలుంటే ఐదు ఓట్లూ ఒకే జేబులోకి పోతాయి. కాబట్టి యాజమాన్యానికి ఒక్క ఓటు అని వ్రాయాలి. పెద్దవాళ్ళు ఒప్పుకోరంటారు. ఒప్పుకోనివారు సంఘం కోరడం లేదు, చందాలు కోరుతున్నారు.

సభ్యత్వం అఫిలియేషన్ ఉన్న కాలేజీకే ఇవ్వాలి. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం గాని, అనంతపురం జె.ఎన్.టి.యు. గాని అఫిలియేషన్ ఆపితే సభ్యత్వమూ ఆగాలి. లేకుంటే సంఘం బోర్డు చూసి తల్లిదండ్రులు మోసపోతారు.

తీసెయ్యడం గురించి. ఫీజు బాకీ ఉందని పిల్లవాని ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే కాలేజీలున్నాయి. అట్లా ఉంచుకోరాదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. అయినా ఉద్యోగం చేతికొచ్చిన పిల్లవాడు కాలేజీ గేటు దగ్గర నిలబడుతున్నాడు. ఇటువంటి కాలేజీకి నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, సర్వసభ్య సభలో ఓటుతో తొలగించే నియమం ఉండాలి. కార్యవర్గం నలుగురూ గదిలో కూర్చుని తీసెయ్యడం కుదరదు. అది రేపు జిల్లా కోర్టుకు పోతుంది, జిల్లా కోర్టు నుంచి ఎప్పుడొస్తుందో మీకు తెలుసు.

మనవాళ్ళ కాలేజీలు విడిగా కూడితే చాలదా అని ఒక బుజుర్గ్ అడిగారు. మైనారిటీ హక్కు వేరు, ఫీజు లెక్క వేరు. లెక్క అందరిదీ ఒక్కటే. అందుకని అందరితో కూడడమే మంచిదని నా అభిప్రాయం. నమ్మకముంటే వ్రాతలెందుకని కూడా అన్నారు. ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ అప్పును సాక్షులతో వ్రాయించుకోవడం గురించినది. ఆ మాట వారికి గుర్తు చేశాను, నవ్వి ఊరుకున్నారు.

చివరగా ఒకటి. కార్యవర్గంలో తల్లిదండ్రులకు రెండు స్థానాలుండాలి. ఆడిట్ రిపోర్టు వారి చేతికి రావాలి. ఆ ఇద్దరిలో ఒకరు తల్లి అయితే మేలు. ఎవరిని పంపాలో భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుని అనుకుందాం. సెలవు.